సూదిపిట్ట లెక్క

పార్సిల్ ఆఫీసు, పై అంతస్తు
జనవరి 6

మామయ్య గారికి,

నమస్కారం. మీకు ఉత్తరం రాసి పద్నాలుగు నెలలైంది. ఇప్పుడైనా అవసరం ఉండబట్టే రాస్తున్నాను, దాచడం దేనికి. నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ మీరు సిగ్నల్ లేదు, ఉత్తరం రాయి అని పెట్టేశారు. సరే, రాస్తున్నాను.

నది సర్వేలో తాబేళ్ళ లెక్కకి మనుషుల్ని తీసుకుంటున్నారు. ఒడ్డు వెంట నడిచి గూళ్ళు వెతకాలి, పడవ మీద తిరిగి తలలు లెక్కపెట్టాలి. నాకు చేతనైన పనే. కాకపోతే ఇంతకు ముందు ఎవరి కింద పనిచేశావని అడుగుతున్నారు. కొండ క్యాంపులో మీ కింద మూడు సీజన్లు పిట్టల లెక్క చేశానని రెండు లైన్లు రాసిస్తే చాలు. బాగా చేశానని రాయక్కర్లేదు. చేశానని రాయండి. ఫిబ్రవరి పది ఆఖరు తేదీ.

ఇక్కడ నేను పార్సిళ్ళకి చీటీలు అంటిస్తున్నాను, రోజుకి నాలుగైదు వందలు. పని చెడ్డదేం కాదు. పక్క సీటావిడ మాత్రం ఏదో ఒక సందు చూసుకుని అడవి ఉద్యోగం ఎందుకు మానేశావని అడుగుతుంది. ఒంటికి పడలేదని చెప్పాను. అమ్మ ఇరుగుపొరుగు వాళ్ళకి నేను సెలవులో ఉన్నానని చెబుతోంది. పద్నాలుగు నెలల సెలవు ఎవరిస్తారు? వాళ్ళు నమ్మినట్టు తలూపుతారు, అమ్మ నమ్మించినట్టు తలూపుతుంది, పక్కన నిలబడ్డ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

మీ అక్క బాగానే ఉంది. అడిగానని రాయమంది.

మీ మేనకోడలు


కొండ క్యాంపు, మధ్య గది
జనవరి 15

మా గడుగ్గాయికి,

మామయ్య గారూ, నమస్కారం, మీరు! ఎవరో ప్లీడరు నోటీసు పంపాడనుకుని కళ్ళజోడు వెతుక్కున్నాను. తీరా చూస్తే కింద నీ సంతకం. నా భుజాలెక్కి ఊరేగినదానివి, నాకు ఈ మర్యాదలేంటే? సరే, కోపం ఉంది. ఉండనీ.

ఇక్కడ అంతా ఎప్పటిలాగే. వంటాయన టీలో నీళ్ళు తగ్గించలేదు. నా ఇరవై ఆరేళ్ళ లెక్కల్ని సంరక్షణ కమిటీ వాళ్ళు పుస్తకంగా వేస్తున్నారు, అచ్చు కాగితాలు నా బల్ల మీదికి వచ్చాయి. అట్ట మీద నా ఫోటో. పైన కొమ్మ మీద పిట్టను చూస్తున్నట్టు నిలబెట్టి తీశారు. అక్కడ పిట్టా లేదు పాడూ లేదు, కెమెరా అతను పైకెత్తిన వేలుంది.

కొత్తగా ధ్వని పెట్టెలొచ్చాయి. అరచెయ్యంత ఉంటాయి. చెట్టుకి కట్టేస్తే రోజూ తెల్లవారుజామున రెండు గంటలు వాటంతటవే రికార్డు చేసుకుంటాయి. వాటిని చూసుకోడానికి ఒక ఇంజినీరమ్మాయి వచ్చింది. మనం నిలబడి లెక్కపెట్టే ఇరవై పాయింట్లలో పదహారింటికి కట్టింది. పదిహేడు నుంచి ఇరవై దాకా కట్టడానికి చెట్లు లేవు, నువ్వు వెళ్ళాక రోడ్డుకోసం కొట్టేశారు. ఏ పిట్ట కోసం ఈ సర్వేనో ఆ సూదిపిట్ట ఐదేళ్ళు వరసగా లేదని రాసిన పాయింటు, చెట్లు కొట్టకూడని చోట్ల జాబితాలోంచి పోతుందని నీకు తెలిసిందే కదా.

ఇక నీ రెండు లైన్ల సంగతి. నీ ఫైలు మీద ఒక రిమార్కుంది. లేని పిట్టను విన్నట్టు రాసిందని రాసినవాణ్ణి నేనే. అదే చేత్తో ఇప్పుడు నీకు కాగితం రాసిస్తే ఆఫీసరేమంటాడు? ఆ రోజు అందరి ముందూ అరిచినందుకు మాత్రం నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. గదిలోకి పిలిచి చెప్పాల్సింది. విషయం వేరు, చెప్పిన తీరు వేరు.

ఫోన్ సంగతి నిజమే. ఇక్కడ సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. నీ ఉత్తరమే నాకు బాగుంది.

మామయ్య


పార్సిల్ ఆఫీసు, పై అంతస్తు
జనవరి 22

మామయ్య గారికి,

చెప్పిన తీరుకి సిగ్గుపడుతున్నారన్నమాట. సంతోషం.

ఆ తీరు మీకు ఏమాత్రం గుర్తుందో నాకు తెలియదు, నాకు మాత్రం మొత్తం గుర్తుంది. పాయింటు దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడాలి, చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు పెన్సిల్‌తో రాయాలి, రాసింది చెరపకూడదు, తప్పైతే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. మీరు నేర్పినవే. మూడో సీజన్లో మీ మోకాలు నొప్పని పై నాలుగు పాయింట్లకి నన్ను ఒక్కదాన్నే పంపారు. పదకొండుసార్లు సూదిపిట్టను విన్నానని రాశాను. మీరు కాగితాలు వరండాలోకి తెచ్చి పదకొండూ పైకి చదివి, ఒక్కోటీ ఎర్ర పెన్సిల్‌తో కొట్టేశారు. పిట్ట ఉంటే సర్వే ఉంటుంది, సర్వే ఉంటే తన ఉద్యోగం ఉంటుంది, అందుకని పుట్టించింది అన్నారు. ఆఫీసరున్నాడు, డ్రైవరున్నాడు, దారి కాపలా ఆయనున్నాడు, రోడ్డు వాళ్ళ మనిషి కూడా ఉన్నాడు. వంటాయన నాకోసం తెచ్చిన టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

సొంత మేనమామే అబద్ధాలకోరు అన్నాక పరాయివాళ్ళు ఆగుతారా? నిప్పు లేనిదే పొగ రాదన్నారు.

రెండు లైన్లే అడిగాను. రాస్తే రాయండి, లేకపోతే లేదనండి. ఇంకొకటి, ఆ పదహారు పెట్టెలూ ఏం విన్నాయి? మీ ఉత్తరంలో ఫోటో గురించి ఉంది, టీ గురించి ఉంది, అది మాత్రం లేదు.

మేనకోడలు


కొండ క్యాంపు
ఫిబ్రవరి 2

అమ్మాయికి,

నువ్వు అడిగిన కాగితం జతచేశాను. మూడు సీజన్లు పనిచేసిందని రాశాను. ముద్ర కూడా వేయించాను.

పెట్టెలు పనికిరాలేదు. కొన్నిట్లో చీమలు దూరాయి, కొన్నిట్లో తేమ చేరింది. అన్నీ మూటగట్టి తయారుచేసినవాళ్ళకి తిప్పి పంపించేశాం. యంత్రం యంత్రమే, మనిషి చెవి మనిషి చెవే. ఇక దాన్ని గురించి అడక్కు.

నాకు పన్ను నొప్పిగా ఉంది. పట్నం వెళ్ళి చూపించుకోవాలి. అక్కకి చెప్పకు, కంగారుపడుతుంది.

మామయ్య


పార్సిల్ ఆఫీసు, పై అంతస్తు
ఫిబ్రవరి 20

మామయ్య గారికి,

కాగితం అందింది, పంపాను. నది సర్వే ఆఫీసు వాళ్ళు మీ క్యాంపుకి ఫోన్ చేసి కనుక్కున్నారట. ఆఫీసరు రిమార్కు చదివి వినిపించాడట. ఆలోచించి చెబుతామన్నారు. ఆ మాటకి అర్థం ఏమిటో నాకు తెలుసు. లెక్కరాసే పనికి దొంగలెక్క రాసినదాన్ని ఎవరు పెట్టుకుంటారు? అమ్మకి ఇంకా చెప్పలేదు.

అది అలా ఉంచండి. మీ కొండ క్యాంపు నుంచి బయటికి పోయే ప్రతి పార్సిలూ మా ఆఫీసు మీదుగానే పోవాలి, దాని మీద చీటీ నా చేత్తోనే పడాలి. ఈ రెండు నెలల్లో మీ క్యాంపు నుంచి రెండే వచ్చాయి. ఆఫీసరు గారు సైజు మార్చమని పంపిన చెప్పులు ఒకటి, మీ పుస్తకం కాగితాలు ఒకటి. పెట్టెలు రాలేదు. రిజిస్టరు మూడుసార్లు తిరగేశాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ ఉత్తరం. మీరు కోప్పడగా చూశాను, వెటకారం చెయ్యగా చూశాను. అబద్ధం ఆడగా మాత్రం చూడలేదు. ఏం జరిగింది మామయ్యా?

మేనకోడలు


పట్నం, చెవి డాక్టరు గారి వరండా
మార్చి 3

గడుగ్గాయ్,

పైన రాసిన చిరునామా చూశావు కదా. పన్నుకి చెవి డాక్టరు దగ్గరికి ఎవరూ పోరు.

పెట్టెలు చెట్లకే ఉన్నాయి. వాటిల్లో చీమలూ లేవు, తేమా లేదు. జనవరిలో ఆ ఇంజినీరమ్మాయి అందర్నీ గదిలో కూర్చోబెట్టి తెర మీద చూపించింది. శబ్దం బొమ్మలాగా పడుతుంది. పక్కకి పోయేకొద్దీ సమయం, పైకి పోయేకొద్దీ సన్నటి గొంతు. తెర పై అంచులో వరసగా చిన్న చిన్న గీతలున్నాయి, గుడ్డ మీద దారం కుట్టు వేసినట్టు. ఇదేం పిట్టండీ అని నన్నడిగి, ఆ ముక్క వినిపించింది. గదిలో అందరూ తలలు తిప్పారు. దారి కాపలా ఆయన నవ్వి, ఇది రోజూ వింటున్నదే కదా అన్నాడు. ఆ ముక్క నడిచినంతసేపూ నాకు వినిపించింది కుర్చీ కిర్రుమన్న చప్పుడు ఒక్కటే.

నేను తలూపాను. అవును, సూదిపిట్టే అన్నాను. వినకుండానే చెప్పాను, గీతలు చూసి.

పన్నెండు, పదమూడు, పదిహేను, పదహారు. ఈ నాలుగు పాయింట్లలో సూదిపిట్ట రోజూ కూస్తోంది. నేను ఆ నాలుగింటికీ, మధ్యలో పద్నాలుగుకీ లేదు అని రాసి నవంబరులోనే సంతకం పెట్టాను. మార్చి ఇరవై ఎనిమిదిన కమిటీ కూర్చుని పన్నెండు నుంచి పదహారు దాకా జాబితాలోంచి తీసేస్తుంది. తీసేస్తే రోడ్డువాళ్ళు కాచుకునే ఉన్నారు. ఇంకా సరిచూడాలి, బయటికి పంపొద్దని ఆ అమ్మాయి రిపోర్టు నా బల్ల సొరుగులో పెట్టించాను. ఈ ఉత్తరం రాస్తున్నప్పుడు కూడా అది అక్కడే ఉంది.

ఇక్కడ డాక్టరమ్మ నా చెవులకి మూతలు పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కమంది. కాసేపు నొక్కాను. తర్వాత ఆవిడ పరీక్ష ఆపేసి ఏదో రాసుకుంటోందనుకుని ఊరికే కూర్చున్నాను. ఆవిడ ఆపలేదు. అవన్నీ నేను వినని శబ్దాలు. కాగితం మీద నా గీత సగం దాకా బాగానే వచ్చి, ఆ తర్వాత మెట్టు విరిగినట్టు కిందికి పడిపోయింది. లావు గొంతులు వినపడతాయి, సన్నవి వినపడవు, చాలా ఏళ్ళుగా ఇలా ఉండుంటుంది అంది. మీరేం చేస్తుంటారు అని అడిగింది. లెక్కలు రాస్తాను అన్నాను. పిట్టల గొంతులు విని లెక్కపెడతానని చెప్పడానికి నోరు రాలేదు.

నాకేమీ తెలియదని నీకు రాద్దామనుకున్నాను. అది ఇంకో అబద్ధం. నాలుగేళ్ళ నుంచి తెలుసు, ఏదో తేడా ఉందని. భోజనాల దగ్గర గోడ పక్క కుర్చీ చూసుకునేవాణ్ణి. ఫోన్‌లో మాటలు గొణుగుడులాగా వస్తే సిగ్నల్ మీద తోసేవాణ్ణి. అందరికీ అదే మాట, నీక్కూడా. అయితే చెవి పోవడం పిట్ట దాకా వచ్చిందని ఒప్పుకోలేదు. పిట్టే పోయిందనుకోవడం నాకు తేలికైంది. పిట్టలు తగ్గిపోతున్నాయని ప్రపంచమంతా అంటుంటే నా కొండ మీద మాత్రం తగ్గవా అనుకున్నాను. అంతలో నువ్వొచ్చి ఉన్నాయని రాశావు. ఇద్దరిలో ఒకరిది తప్పవ్వాలి. నీదని చెప్పాను, ఐదుగురిని పిలిచి మరీ చెప్పాను. నిన్న అద్దంలో మొహం చూసుకోవాలంటే మొహం చెల్లలేదు.

ఇప్పుడు నేను అనుకున్నది చెబుతాను. మీటింగుకి ముందే అనారోగ్యమని చెప్పి తప్పుకుంటాను. పెట్టెల రిపోర్టు నా పేరు లేకుండా ఆ అమ్మాయి పేరు మీద కమిటీకి పోతుంది. ఆ ఐదు పాయింట్లూ జాబితాలో ఉంటాయి. నీకు రిమార్కు మాట ఎత్తకుండా గొప్ప సర్టిఫికెట్ రాసిస్తాను. పుస్తకం వచ్చినట్టే వస్తుంది. ఎవరి పరువూ పోదు. సరేనా?

మామయ్య


పార్సిల్ ఆఫీసు, పై అంతస్తు
మార్చి 11

మామయ్యా,

సరే కాదు.

నీ ఉత్తరం స్టోరు గదిలో చదివాను. పక్క సీటావిడ వచ్చి ఎవరైనా పోయారా అని అడిగింది. లేదన్నాను.

నేను నీకో సంగతి చెప్పాలి. చెప్పాక నువ్వు నా మీద కోపం తెచ్చుకున్నా సరే. నీకు వినపడదని నాకు తెలుసు. మొదటి సీజన్లోనే తెలుసు. పద్నాలుగో పాయింటు దగ్గర సూదిపిట్ట సరిగ్గా నీ తల మీద కొమ్మ మీదే కూర్చుని కూసింది. నువ్వు పెన్సిల్ చెక్కుకుంటున్నావు, తలెత్తలేదు. తొమ్మిదేళ్ళప్పుడు నన్ను తడి గడ్డిలో కూర్చోబెట్టి, చెవి కాదు, మెడ వెనక జుట్టు వింటుంది చూడు అని ఆ కూత నేర్పినవాడివి నువ్వు. నేను అడిగాను, మామయ్యా, అదేనా అని. కీచురాయిలే, రాయకు అన్నావు. నేను రాయలేదు.

రెండు సీజన్లు నీ పక్కనే నిలబడి, చెవినిండా వింటూ, లేదు అని నా చేత్తో రాశాను. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. మూడో ఏడు ఒక్కదాన్నే పంపావు కాబట్టి ఉన్నది రాశాను, అంతే. నేనేదో నిజాయితీపరురాలినని రెండు నెలలుగా నీకు ఉత్తరాలు రాస్తున్నాను కానీ, నా నిజాయితీ నువ్వు పక్కన లేనప్పటిది.

ఆ రోజు వరండాలో కూడా ఒక్క మాట చాలు. ఆయనకి వినపడదండీ అంటే సరిపోయేది. ఆఫీసరు నన్ను అడిగాడు కూడా, నువ్వేమైనా చెప్పుకుంటావా అని. ఏం లేదన్నాను. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. ఇంటికొచ్చాక అదే తల్చుకుని గొప్పగా ఫీలయ్యాను, నింద నేను మోసి మామయ్య పరువు నిలబెట్టానని. నిజానికి భయం మామయ్యా. తప్పించుకోడానికి ముసలాయన మీదికి తోసిందంటారని భయం. నేను నోరు మూసుకున్న నాలుగు నెలలకి పదిహేడు నుంచి ఇరవై దాకా చెట్లన్నీ కొట్టేశారని అమ్మ చెబితే తెలిసింది. ఆ రోజు అన్నం తినలేదు. నీకు ఫోన్ చేద్దామనుకుని చెయ్యలేదు.

అందుకని నీ సర్టిఫికెట్ నాకొద్దు. ఇద్దరం ఒకరి పరువు ఒకరం కాపాడుకుంటూ ఇక్కడిదాకా తెచ్చాం. ఆ అమ్మాయి పేరు మీద రిపోర్టు పంపితే కమిటీవాళ్ళు ఏమంటారో తెలుసా? యంత్రం ఒకటంటోంది, ఇరవై ఆరేళ్ళ చెవి ఇంకోటంటోంది, చెవినే నమ్ముదాం అంటారు. నువ్వు ఎదురుగా నిలబడి నా చెవి పోయింది అంటే తప్ప ఆ ఐదు పాయింట్లూ దక్కవు. సెలవు పెట్టకు. వెళ్ళు. నేను రాసిన లేదు-ల గురించి కూడా చెప్పు. నా పేరు పెట్టి చెప్పు.

నీ మేనకోడలు


కొండ క్యాంపు, మధ్య గది
ఏప్రిల్ 2

గడుగ్గాయ్,

వెళ్ళాను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంతో ఉన్నాను, అబద్ధమెందుకు. తెలిసీ చెప్పలేదే అని. మూడో రోజు నా గురించే ఆలోచించాను. నా మాటకి ఎవరైనా ఎదురుచెప్పి ఎన్నాళ్ళయింది? వంటాయన కూడా టీ బాగుందా అని అడగడం మానేశాడు. ఎవరూ నోరెత్తకుండా చేసుకున్నది నేను. నీ తప్పేం లేదని రాద్దామనుకున్నాను, రాయను. కొంచెం ఉంది. మిగతాదంతా నాది.

మీటింగు గది పొడుగ్గా ఉంది. ఆ చివర అధ్యక్షురాలు, పెద్దావిడ. ఈ చివర నేను. పుస్తకం నమూనా ప్రతులు ఒక్కొక్కరి ముందూ పెట్టారు, అన్నిటి మీదా నా ఫోటో. నా వంతు రాగానే లేచి, పన్నెండు నుంచి పదహారు దాకా నేను రాసింది తప్పు అన్నాను. పెట్టెల రిపోర్టు బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ ఇచ్చిన గీత కాగితం కూడా పెట్టాను. ఆవిడ ఏదో అడిగింది. పెదాలు కదిలాయి, అంతే. ఎప్పుడైనా అయితే తలూపేసేవాణ్ణే. ఈసారి చెప్పాను.

"నాకు వినపడదండీ. ప్రశ్న కాగితం మీద రాసివ్వండి."

పక్కన ఎవరో నవ్వారు. భుజాలు కదలడం కనిపించింది. కాగితం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పదకొండుమందిని దాటి నా దగ్గరికొచ్చింది. అది వచ్చేదాకా నిలబడటం నా జన్మలో అన్నిటికన్నా పొడుగైన నడక. ఎన్నేళ్ళ నుంచి అని రాసుంది. తెలిసి నాలుగేళ్ళు, తెలియకుండా ఎన్నో తెలియదు అని రాసి పంపాను. మళ్ళీ వచ్చింది. కొట్టేసిన పదకొండు ఎంట్రీలు ఎవరివి అని. నా మేనకోడలివి, అవి నిజం, దొంగ అన్నది నేను అని రాశాను. నువ్వు చెప్పమన్న రెండు సీజన్ల మాట కూడా రాశాను. నా మాట విని రాసిందని పక్కన చేర్చాను, అది మాత్రం నువ్వు కాదనకూడదు.

పన్నెండు నుంచి పదహారు దాకా జాబితాలో ఉంటాయి. నీ రిమార్కు కొట్టేశారు, నకలు నది సర్వేకి పంపారు. పుస్తకం ఆపేశారు. గడిచిన ఏడేళ్ళ కాగితాలన్నీ నేనే సరిచెయ్యాలన్నారు. సూదిపిట్ట పేరు పక్కన లేదు అని ఉన్నచోటల్లా ఒక్క గీత కొట్టి, లెక్కించినవాడికి వినిపించలేదు అని రాసి సంతకం పెడుతున్నాను. రోజుకి అరవై అవుతున్నాయి. తిరిగొచ్చేటప్పుడు జీపులో ఆఫీసరు నాతో మాట్లాడలేదు. మాట్లాడినా చెవిటివాడి ముందు శంఖమే కదా.

పదిహేడు నుంచి ఇరవై సంగతి కూడా అడిగాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అన్నట్టు చూశారు. అక్కడ సూదిపిట్ట ఉండేదనడానికి లోకంలో మిగిలిన సాక్ష్యం నీ పదకొండు ఎంట్రీలు. నా ఎర్రగీతల కింద చక్కగా కనిపిస్తున్నాయి.

నెలాఖరులో ఇరవై పాయింట్లూ మళ్ళీ లెక్కించాలి. పెట్టెలతోపాటు ఒక మనిషి కూడా ఉండాలన్నారు. రమ్మని అడిగే మొహం నాకు లేదు. తేదీలు మాత్రం రాస్తున్నాను, ఇరవై ఆరు, ఇరవై ఏడు.

మామయ్య


ఇంటి నుంచి
ఏప్రిల్ 9

మామయ్యా,

నది సర్వేలో తీసుకున్నారు. మే అయిదున చేరాలి. అమ్మకి అంతా చెప్పేశాను, రెండు పూటలు ఏడ్చింది. మూడో పూట పొరుగింటావిడ దగ్గరికి తనే వెళ్ళి, మా అమ్మాయి సెలవులో లేదండీ, నేను అబద్ధం చెప్పాను అంది. ఆవిడ నాకెప్పుడో తెలుసులెండి అందట.

ఇరవై ఆరు, ఇరవై ఏడు వస్తాను. నేను వింటాను, వేలెత్తుతాను. నువ్వు రాయి. ప్రతి కాగితం మీదా ఇద్దరి సంతకాలూ ఉండాలి. నాకు వినిపించనిది నువ్వు ఊహించి రాయకూడదు, నీమీద జాలిపడి నేను వేలు దించకూడదు.

నీ మేనకోడలు


కొండ క్యాంపు, మధ్య గది
మే 1

గడుగ్గాయ్,

నువ్వున్న రెండు రోజులూ సరిగ్గా మాట్లాడుకోలేకపోయాం. పాయింటు దగ్గర మాట్లాడకూడదు, దారిలో నువ్వు మాట్లాడితే నాకు అందదు. చెవి మిషను వచ్చే నెల ఇస్తారట. అందుకని ఇదంతా రాస్తున్నాను.

మొదటి పదకొండు పాయింట్లలో నేను నీ మొహం చూడలేదు, వేలే చూశాను. పన్నెండో దగ్గర నీ వేలు లేచినప్పుడు మాత్రం చూశాను. నువ్వు కళ్ళు మూసుకుని ఉన్నావు. తొమ్మిదేళ్ళప్పుడు కూడా అలాగే మూసుకునేదానివి. నాకు ఏ చప్పుడూ లేదు. నీ మొహం చూస్తూనే ఉంది అని రాశాను, అందుకే ఆ గడిలో అక్షరం వంకరగా పడింది, దాన్ని అలాగే ఉంచాను.

పదహారు అయ్యాక ఇక చాలు, తిరిగిపోదాం అన్నాను. పైన చెట్లే లేనప్పుడు లెక్కేమిటి అన్నాను. నువ్వు తల అడ్డంగా ఊపి కాగితం చూపించావు. అందులో గళ్ళు ఇరవై ఉన్నాయి. అక్కడికి రావడం నాకిష్టం లేదని నీకు తెలుసు. అడుగు ముందుకు పడటం లేదని కూడా చూశావు. అయినా ఆగలేదు, ముందు నడిచావు. మంచిపని చేశావు.

పదిహేడో పాయింటు రోడ్డు కంకర మీద పడింది. పది నిమిషాలు నిలబడ్డాం. ఒక లారీ వచ్చి మనల్ని చూసి నెమ్మదిగా తప్పుకుని పోయింది. నేను నీ చెయ్యి వంకే చూస్తున్నాను. ఒక్కసారి లేస్తే బాగుండునని ఎంత కోరుకున్నానో నీకు చెప్పలేను. పదో నిమిషం దాకా ఆ వేలు లేవలేదు. పద్దెనిమిదిలో లేవలేదు, పంతొమ్మిదిలో లేవలేదు. ఇరవైలో నువ్వు గడియారం చూసి, ఇంకో నిమిషం ఎక్కువే నిలబడ్డావు. తర్వాత నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపావు.

ఆ నాలుగు గళ్ళలోనూ లేదు అని రాశాను. కింద ఇద్దరం సంతకం పెట్టాం. ఈ ఏడేళ్ళలో సూదిపిట్ట పేరు పక్కన ఆ మాట కొన్ని వందలసార్లు రాసుంటాను. నిజమని ఒట్టేసి చెప్పగలిగినవి ఆ నాలుగే. వాటిని నిజం చేసింది కూడా నేనే.

నీ మామయ్య